తొడుగు ఎండాకే ప్రయాణం

అరుదైనది ఏదైనా మన దగ్గర ఉంటే చాలు, లోకం వెతుక్కుంటూ వస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది పంట కావచ్చు, చదువు కావచ్చు, చేతిపని కావచ్చు. దాన్ని పట్టుకుని ఓపిగ్గా కూర్చుంటే గుర్తింపు దానంతట అదే వస్తుందనుకుంటాం. రాకపోతే మన విలువ ఎవరికీ తెలియలేదని నొచ్చుకుంటాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా ఎదురు మాట. దూరాన ఉన్న మనిషి ఒక వస్తువుకు ధర కట్టేటప్పుడు అది ఎక్కడ పుట్టిందో, ఎంత అరుదో తర్వాత చూస్తాడు. చెప్పిన రోజుకి, చెప్పిన తీరులో, చెడకుండా తన చేతికి అందుతుందా లేదా అన్నది ముందు చూస్తాడు. ఆ భరోసా ఇవ్వగలిగిన వాళ్ళకే మార్కెట్ దక్కుతుంది. పొలంలో పండించేవాళ్ళకే కాదు, ఆఫీసులో, వర్క్‌షాప్‌లో, కళారంగంలో పనిచేసేవాళ్ళకీ ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం. అయితే ఊరికే చెబితే ఇది ఉపదేశమే అవుతుంది. అందుకే ఒక పండు కథను ఆధారంగా తీసుకుంటున్నాను. అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టిన పండు. కొలంబియాలో దాన్ని ఉచువా అంటారు. ఉత్తర భారతంలో రస్‌భరీ అని అమ్ముతారు. హైదరాబాద్, విశాఖపట్నం సూపర్ మార్కెట్లలో గోల్డెన్ బెర్రీ అన్న పేరుతో చిన్న డబ్బాల్లో కనిపిస్తుంది.

ఉచువా వంగ, టమాటా కుటుంబానికి చెందిన మొక్క. పండు గోలీ అంత ఉంటుంది, బరువు నాలుగు నుంచి పది గ్రాములు. బంగారు పసుపు రంగు, తీపీ పులుపూ కలగలిసిన రుచి, లోపల వంద నుంచి మూడు వందల దాకా సన్నని గింజలు. దాని ప్రత్యేకతంతా పైనున్న తొడుగులో ఉంది. పూత రాలిన తర్వాత పువ్వు అడుగున ఉన్న ఆకుపచ్చ పొర పెరిగి, ఉబ్బి, పండును సంచిలా చుట్టేస్తుంది. మన పొలం గట్ల మీద కలుపుగా మొలిచే దీని చుట్టం మొక్కను పల్లెటూరి పిల్లలందరూ ఎరుగుదురు. ఆ కాయను నుదుటి మీద కొట్టి టప్పుమని పగలగొట్టడం వాళ్ళకు ఆట. ఆండీస్‌లోనూ ఉచువా చాలాకాలం అలాగే పెరిగింది. ఇంటి పెరట్లో, కంచె పక్కన తనంతట తానే మొలిచేది, పిల్లలు కోసుకు తినేవారు. దాన్ని సరుకుగా ముందు చూసింది పుట్టినింటివాళ్ళు కాదు. దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో స్థిరపడ్డ యూరోపియన్లు పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని సాగు చేశారు. ఇంగ్లిషులో దానికి కేప్ గూస్‌బెర్రీ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. యూరప్ దుకాణాలకు తాజా పండును ఎగుమతి చేయడంలోనూ కెన్యా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా ముందున్నాయి. కొలంబియా ఈ వ్యాపారంలోకి అడుగుపెట్టింది 1980ల మధ్యలోనే. నేడు ప్రపంచంలో ఈ పండును అత్యధికంగా ఎగుమతి చేసే దేశం అదే. ఏటా వేల టన్నులు విమానాల్లో, ఓడల్లో వెళ్తున్నాయి. ఎక్కువ భాగం నెదర్లాండ్స్‌లో దిగి అక్కడి నుంచి మిగతా యూరప్‌కు చేరుతుంది. వేల ఏళ్ళుగా పండు అక్కడే ఉంది. అయినా వ్యాపారం వచ్చి నలభై ఏళ్ళే అయింది. ఆ మధ్యలో ఏం మారిందన్నదే మనకు కావలసిన ప్రశ్న.

దానికి జవాబు చెప్పేముందు మన గడ్డ మీది ఉదాహరణ ఒకటి చూడాలి. జీడిమామిడి కూడా దక్షిణ అమెరికా చెట్టే. బ్రెజిల్ ఈశాన్య తీరంలో పుట్టింది, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ వెంట మన పశ్చిమ తీరానికి వచ్చింది. ఇవాళ శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ జీడిపప్పుకు పెద్ద కేంద్రం. చుట్టుపక్కల ఉద్దానంలో జీడితోటలున్నా, స్థానికంగా పండే పిక్క పరిశ్రమకు చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి చేసుకుంటారు. అంటే బ్రెజిల్‌లో పుట్టిన చెట్టు, ఆఫ్రికాలో కాసిన పిక్క, పలాసలో ఒలిచిన పప్పు. చెట్టు పుట్టినచోటు కంటే, ఒంటికి తగిలితే కాల్చే జీడిరసాన్ని తట్టుకుంటూ గుండును విరగకుండా బయటికి తీసే నేర్పు ఉన్నచోటుకు పని వచ్చి చేరింది. అంతర్జాతీయ మార్కెట్లో పప్పు ధర నిర్ణయించే గ్రేడ్లను గమనించండి. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాస్తారు. డబ్ల్యూ 320 అంటే ఒక పౌను బరువుకు సుమారు 300 నుంచి 320 గుండ్లు తూగే పరిమాణం. ఆ సంఖ్య కొనేవాడికి ఒక మాట ఇస్తోంది: పెట్టె తెరిస్తే ఈ సైజు గుండ్లే ఉంటాయని. ఆ మాట నిలబెట్టుకున్నంత కాలం బ్రెజిల్ నుంచి పలాస ఎంత దూరమన్నది ఎవరికీ పట్టదు.

ఇప్పుడు కొలంబియా సంగతి. ఉచువా తొడుగు పండుకు అలంకారం కాదు. కొలంబియా జాతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గెర్‌హార్డ్ ఫిషర్ వంటి శాస్త్రవేత్తల పరిశోధనలు దాని పనిని వివరంగా తేల్చాయి. కాయ ఎదిగే మొదటి ఇరవై రోజుల్లో ఆ ఆకుపచ్చ తొడుగే కాయకు పిండిపదార్థాన్ని తయారుచేసి అందిస్తుంది. తర్వాత పురుగుల నుంచి, పక్షుల నుంచి, ఎండ నుంచి కాపాడుతుంది. కోశాక కూడా దాని పని అయిపోదు. తొడుగు తీసేసిన పండు నాలుగైదు రోజులకే చెడుతుంది. తొడుగుతో ఉన్న పండు నెల దాకా నిలుస్తుంది. యూరప్ ప్రయాణానికీ, దుకాణంలో అల్మారాలో గడిపే రోజులకీ ఈ తేడాయే ప్రాణం. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. తొడుగు తడిగా ఉంటే కాపాడాల్సిన అదే పొర బూజుకు నిలయమవుతుంది. పొర మీద చిన్న బూడిదరంగు మచ్చ కనిపించినా కొనేవాడు పెట్టెను తిప్పిపంపుతాడు, లోపలి పండు నిగనిగలాడుతూ ఉన్నా సరే. అందుకే ఎగుమతి తోటల్లో మంచు ఆరక ముందు కోత మొదలుపెట్టరు, వాన పడుతుంటే ఆపేస్తారు. పండును లాగకుండా కొద్దిపాటి కాడతో సహా తుంచుతారు. లోతులేని ప్లాస్టిక్ క్రేట్లలో పలుచగా పరుస్తారు, ఎందుకంటే పై పళ్ళ బరువుకు కింది పండు పగిలితే ఆ రసం పక్కనున్న తొడుగులన్నిటినీ తడుపుతుంది. ప్యాక్‌హౌస్‌కు చేరాక ఫ్యాన్లతో గాలి ఆడిస్తూ గంటల తరబడి ఆరబెడతారు. తొడుగు ఎండి, గడ్డిరంగుకు తిరిగి, వేళ్ళ మధ్య నలిపితే కాగితంలా గలగలలాడాలి. ఆ తర్వాత ఒక్కొక్క తొడుగునూ కొంచెం విప్పి లోపల పగులు ఉందా, మచ్చ ఉందా చూసి మళ్ళీ మూస్తారు. నూటికి పైచిలుకు గ్రాములు పట్టే చిన్న డబ్బాల్లో సర్దుతారు.

ఈ పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. కొత్త యంత్రం లేదు, రహస్యం లేదు. ఎవరైనా చేయగలరు, నిజమే. కానీ ప్రతి పండుకీ, ప్రతి వారం, విసుగు లేకుండా చేయడం అందరి వల్లా కాదు. ఉచువా మొక్క ఒకవైపు పూస్తూ, ఒకవైపు కాస్తూ, మరోవైపు పండుతూ పోతుంది. ఒకేసారి కోసేసి సంబరం చేసుకునే పంట కాదిది, కోత మొదలైతే వారానికి ఒకటి రెండుసార్లు తోటంతా తిరగాలి. రంగు విషయంలోనూ అంతే. కొలంబియా ప్రామాణికాల సంస్థ 1999లో ఈ పండుకు ఎన్‌టీసీ 4580 అన్న ప్రమాణం తెచ్చింది. ఆకుపచ్చ కాయ నుంచి ముదురు నారింజ పండు దాకా రంగును సున్నా నుంచి ఆరు వరకు మెట్లుగా విభజించింది. దీనివల్ల బొగోటా పక్కనున్న రైతూ, రోటర్‌డామ్‌లోని వ్యాపారీ ఫోనులో ఒక అంకె చెప్పుకుంటే సరిపోతుంది. 'బాగా పండినవి పంపండి' అన్న మాట పది మందికి పది రకాలుగా అర్థమవుతుంది. 'నాలుగో రంగు' అంటే అందరికీ ఒక్కటే అర్థం. మన పనుల్లో తగాదాలు ఎక్కువగా ఎక్కడ వస్తాయో ఆలోచించండి. 'త్వరగా', 'నీట్‌గా', 'కాస్త పెద్దదిగా' అని చెప్పుకుని, అవతలివాళ్ళు మన మనసులో ఉన్నదే అర్థం చేసుకున్నారని అనుకునే చోటే వస్తాయి. ఇచ్చే మాటను కొలవగలిగే రూపంలో ఇవ్వడం అలవాటు చేసుకున్నవాడికి సగం తగాదాలు తప్పుతాయి. కుట్టుపనివాళ్ళకూ, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకూ, పెళ్ళి వంటలు చేసేవాళ్ళకూ ఇది ఒక్కటే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఇదంతా భూగోళం ఇచ్చిన అదృష్టం కదా, క్రమశిక్షణ గొప్ప అని ఎందుకు చెబుతారు అని అడగవచ్చు. అభ్యంతరంలో నిజముంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల కొలంబియాలో ఏడాది పొడవునా పగలు దాదాపు ఒకే నిడివి. ఒకే జిల్లాలో కొండ ఎక్కితే చలి, దిగితే వేడి. సముద్రమట్టానికి సుమారు 1,800 నుంచి 2,800 మీటర్ల ఎత్తున ఉచువాకు సరిపడే చల్లదనం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి వారం వారం పండు పంపగలరు. ఋతువులున్న దేశాలకు ఆ వీలు లేదు. కానీ అదృష్టమే అంతా అయితే రెండు విషయాలకు జవాబు దొరకదు. మొదటిది, ఇదే ఎత్తు, ఇదే మొక్క పక్కనున్న ఈక్వడార్‌కీ పెరూకీ ఉన్నాయి. వాళ్ళూ ఎగుమతి చేస్తున్నారు గానీ తాజా పండులో కొలంబియా స్థాయికి రాలేదు. రెండోది ఇంకా బలమైనది. అదే కొలంబియా కొండల్లో లూలో అనే మరో పండు ఉంది. అదీ వంగ కుటుంబమే, రసం అద్భుతంగా ఉంటుంది, దేశమంతా ఇష్టంగా తాగుతారు. రుచిలో ఉచువా కంటే లూలోనే గొప్పదని వాదించేవాళ్ళు అక్కడ తక్కువేం కాదు. కానీ దాని తోలు సున్నితం, ఒంటినిండా తుడిచేయాల్సిన నూగు, గుజ్జు గాలి తగిలితే రంగు మారుతుంది. తాజా పండుగా దూరప్రయాణం తట్టుకోలేదు. అందుకే దాని వ్యాపారం ఎక్కువగా ఇంటి మార్కెట్‌కే పరిమితమైంది. నేల ఒకటే, రైతులు ఒకటే, రుచి ఎక్కువే అయినా చేరే గుణం లేకపోయింది. అదృష్టం ఆటలోకి రానిస్తుంది, అంతవరకే దాని పని.

రెండో అభ్యంతరం నా మనసుకు మరింత దగ్గరగా తగిలేది. ఈ ప్రమాణాలన్నీ ధనిక దేశాల కొనుగోలుదారులు పెట్టినవి, చిన్నరైతు వాటికి తల వంచడాన్ని వ్యక్తిత్వ వికాసం అనడం అన్యాయం కాదా? మన రైతులకూ ఈ దెబ్బ తెలుసు. 2010లో యూరప్‌కు వెళ్ళిన భారతీయ ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే రసాయనం అవశేషాలు పరిమితికి మించి ఉన్నాయని సరుకు ఆపేశారు. ద్రాక్షకు తోట నుంచి ఓడ దాకా జాడ పట్టే గ్రేప్‌నెట్ వ్యవస్థ అప్పటికే ఉంది. అయినా ఆ రసాయనం పరీక్షల జాబితాలో లేకపోవడంతో రైతులు నష్టపోయారు. 2014 మే నుంచి పండు ఈగల కారణంగా యూరోపియన్ యూనియన్ మన మామిడి దిగుమతిని నిషేధించింది. తనిఖీ, శుద్ధి ఏర్పాట్లు మెరుగుపడ్డాక 2015లో ఎత్తివేసింది. జపాన్‌కు బంగినపల్లి పంపాలంటే వేడి ఆవిరితో శుద్ధి చేయాలి, అమెరికాకైతే రేడియేషన్ శుద్ధి తప్పనిసరి. వీటిలో కొన్ని నియమాలు నిజంగా అవసరమైనవి, కొన్ని అతి జాగ్రత్త, కొన్నిటి వెనుక సొంత రైతుల్ని కాపాడుకునే ఉద్దేశం కూడా ఉండవచ్చు. ఆ అసమానత లేదని నేననను. అయితే దాన్ని ఎదుర్కొనే దారి ఏమిటన్నది ఉచువా కథలోనే ఉంది. మధ్యధరా పండు ఈగ భయంతో అమెరికా చాలాకాలం కొలంబియా ఉచువాను రోజుల తరబడి గడ్డకట్టే స్థాయికి దగ్గరి చలిలో ఉంచి శుద్ధి చేసి పంపమంది. దాంతో ఖర్చు, కాలం రెండూ పెరిగాయి. కొలంబియా వైపు నుంచి వచ్చిన జవాబు కేవలం మొర కాదు. బొగోటా పీఠభూమిలో 2,200 మీటర్లకు పైన ఈ ఈగ అరుదని ఉచ్చులు పెట్టి, లెక్కలు రాసి, నమోదైన తోటల వివరాలతో చూపించారు. చివరికి ఆ ఎత్తున్న ప్రాంతాల్లో నిఘా మధ్య పండించిన పండుకు చలి శుద్ధి అక్కర్లేకుండా అనుమతి వచ్చింది. నియమం పెట్టినవాడితో బేరం ఆడగలిగింది రికార్డు ఉన్నవాడే.

అందుకే చదువరులకు, ముఖ్యంగా ఇరవైల్లో ఉన్నవాళ్ళకు, నేను పదే పదే చెప్పే పని రాసిపెట్టుకోవడం. ఏ రోజు ఏ మందు ఎంత కొట్టారు, ఏ మడి నుంచి ఎన్ని కిలోలు వచ్చాయి, ఎన్ని పనికిరాలేదు, ఎందుకు. కొలంబియాలో ఎగుమతి తోటలు వ్యవసాయ సంస్థ ఐసీఏ దగ్గర నమోదై ఈ పుస్తకాలు నిర్వహించాలి. చాలామంది రైతులకు ఇది మొదట పెద్ద భారంగా తోస్తుంది, మనకూ తోస్తుంది. కానీ రాత లేనివాడికి తన తప్పు ఎక్కడుందో తెలియదు, తన తప్పు కాదని నిరూపించుకునే ఆధారమూ ఉండదు. రెండోదాన్ని మనం చాలా తక్కువ అంచనా వేస్తాం. ఒక డబ్బాలో బూజు వచ్చిందని రోటర్‌డామ్ నుంచి ఫిర్యాదు వస్తే, ఆ డబ్బా మీది సంఖ్యను బట్టి అది ఏ తోట, ఏ రోజు కోత అని చూస్తారు. ఆ ఒక్క లాటునే పక్కన పెడితే మిగతా ముప్పై తోటల వాళ్ళు బతికిపోతారు. రాత లేకపోతే అందరి సరుకూ అనుమానంలోనే ఉంటుంది. సంస్థల్లో పనిచేసేవాళ్ళకు కూడా ఇదే రక్షణ.

ఇంతవరకు చెప్పింది గెలుపు కథలా ఉంది. నిజాయితీగా చెప్పాలంటే ఉచువాకు ఒక పెద్ద గాయం ఉంది. దాన్ని దాటవేస్తే ఈ వాదన సగమే అవుతుంది. 2000ల దశకంలో కుందినమార్కా ప్రాంతపు తోటల్లో ఎండుతెగులు పాకింది. ఫ్యూజేరియం అనే నేల శిలీంధ్రం వేళ్ళ ద్వారా ఎక్కి, నీరు మోసే నాళాలను మూసేస్తుంది. మొదట మొక్కకు ఒకవైపు ఆకులు పసుపెక్కి వాలుతాయి. కాండాన్ని అడ్డంగా కోస్తే లోపల గోధుమరంగు వలయం కనిపిస్తుంది. కొద్ది వారాల్లో కాపుతో ఉన్న మొక్క నిలువునా ఎండుతుంది. ఈ శిలీంధ్రపు సిద్ధబీజాలు నేలలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి కాబట్టి అదే మడిలో మళ్ళీ నాటినా లాభం ఉండదు. చాలామంది రైతులు ఆ నేలను వదిలేసి బొయాకా వైపు కొత్త నేలలకు తరలిపోయారు. తెగులూ వాళ్ళ వెంటే వెళ్ళింది, నారు మొక్కల వేళ్ళలో, బూట్లకంటిన మట్టిలో, పారల అంచుల్లో. మార్కెట్ పెరుగుతున్న ఆ ఏళ్ళలో అందరి దృష్టీ డబ్బా మీద, రంగు మీద, విమానం మీద ఉంది. నారు ఎక్కడి నుంచి వస్తోంది, వేరు కింద ఏం జరుగుతోంది అన్నది వెనకపడింది. ఎవరి తోటలోని విత్తనం వాళ్ళు తీసుకుని, పక్కవాళ్ళ నారు తెచ్చుకుని నాటేవారు. పరీక్షించిన మెరుగైన రకాలుగా అందీనా, దోరాదా విడుదలైంది 2016లో. అప్పటికి ఎగుమతి మొదలై ముప్పై ఏళ్ళు.

దీన్ని నా వాదనకు వ్యతిరేకంగా వాడవచ్చు. చేరవేసే క్రమాన్ని అంత బాగా పాటించినవాళ్ళే నేలను పోగొట్టుకున్నారు కదా, మరి ఆ క్రమం ఎందుకు అని. నా జవాబు ఇది: భరోసా అంటే ఈ వారం డబ్బా ఒక్కటే కాదు, వచ్చే మూడేళ్ళ డబ్బా కూడా. కొనేవాడికి కనిపించే భాగంలో చూపిన శ్రద్ధ కనిపించని భాగంలో చూపకపోతే భరోసా సగంలో తెగిపోతుంది. మనుషుల్లో ఇది రోజూ చూస్తాం. ప్రతి గడువునూ అందుకుంటూ, నిద్రను, ఆరోగ్యాన్ని, కొత్తగా నేర్చుకోవాల్సిన సమయాన్ని పక్కకు నెట్టుకుపోయేవాళ్ళు కొన్నేళ్ళు మెరుస్తారు. తర్వాత ఒక్కసారిగా కుంగిపోతారు, చూసేవాళ్ళకు కారణం తెలియదు. ఉచువా రైతుల్లో ఈ దెబ్బ నుంచి కోలుకున్నవాళ్ళు చేసిన పనులు పేరుకు చిన్నవే: తెగులు లేని నర్సరీ నుంచి నారు తేవడం, తోట గుమ్మంలో బూట్లు శుద్ధి చేసే తొట్టి పెట్టడం, ఎండిన మొక్కను వేరుతో సహా తీసి తోట బయట నాశనం చేయడం, నీరు నిలవకుండా ఎత్తు మడులు కట్టడం, కొన్నేళ్ళు వేరే కుటుంబానికి చెందిన పంట వేయడం. వీటిలో ఒక్కటి కూడా డబ్బాలో కనిపించదు.

పుట్టినిల్లు అన్న హక్కు ఎంత బలహీనమో చెప్పే తాజా విషయం మరొకటి ఉంది. ఉచువా మొక్క అడ్డదిడ్డంగా, మనిషి ఎత్తు పెరుగుతుంది. స్తంభాలు పాతి తీగలతో కట్టాలి, కూలీ ఖర్చు ఎక్కువ. అమెరికా పరిశోధకులు జన్యు సవరణ ద్వారా ఈ మొక్క ఎత్తును మూడో వంతుకు పైగా తగ్గించిన ఫలితాలను 2025లో ప్రచురించారు. పొట్టి మొక్కలను దగ్గర దగ్గరగా నాటి, చల్లని ప్రాంతాల్లో పెద్ద ఎత్తున పండించే వీలు దీనితో పెరుగుతుంది. ఆండీస్ రైతు చేతిలో ఉన్న రక్షణ అప్పుడు ఏమిటి? ఏడాది పొడవునా పంపగలగడం, నలభై ఏళ్ళుగా కొన్నవాళ్ళ నమ్మకం, తొడుగు ఆరబెట్టడంలో చేతికి అబ్బిన నేర్పు. వీటిని ఎవరూ ఒక్క రోజులో తెచ్చుకోలేరు.

ఎగుమతికి నిలవని పండు సంగతీ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది నిరాశపడతారు. వాన తర్వాత పండులోకి ఒక్కసారిగా నీరు చేరితే తోలు చీలుతుంది. కాల్షియం, బోరాన్ తక్కువైతే చీలిక మరీ ఎక్కువ. చీలిన పండు తాజాగా విమానం ఎక్కదు. కొలంబియాలో దాన్ని స్థానిక సంతలకు, జామ్‌కు, ఎండు పండుకు మళ్ళిస్తారు. ఎండబెట్టిన ఉచువాకు ఇప్పుడు సొంత మార్కెట్ ఉంది. అసలు అంత కష్టపడి బయటికి పంపడం ఎందుకు, ఊళ్ళోనే అమ్ముకోకూడదా అని అడిగేవాళ్ళకు నేనిచ్చే సమాధానం ఇదే: అమ్ముకోవచ్చు, అమ్ముకోవాలి కూడా. ఎగుమతి మీదే ఆధారపడ్డ తోట ఒక్క విమానం ఆగితే కూలుతుంది. ఎగుమతికి తగిన శ్రద్ధతో పండించిన తోటలో రెండో రకం పండు కూడా ఊరి సంతలో మంచి ధర తెచ్చుకుంటుంది. శ్రద్ధ ఎక్కడ అమ్మినా వృథా కాదు.

ఇదంతా చదివి ఉచువా నాటాలని ఎవరైనా తొందరపడితే నా సలహా ఆగమనే. మన మైదానాల వేసవి వేడికి ఇది పూత నిలుపుకోదు. శీతాకాలపు పంటగానో, చల్లని కొండప్రాంతాల్లోనో చిన్న మడిలో వేసి చూడవచ్చు, అంతకు మించి పెట్టుబడి పెట్టకూడదు. అరుదైన విదేశీ మొక్క అని ఎకరాలకు ఎకరాలు నాటి, కొనేవాడి కోసం తర్వాత వెతకడం నేను ఈ అధ్యాయమంతా వద్దంటున్న పనే. అనంతపురం రైతులు అరటిలో చూపిన దారి చాలా మెరుగు. తెలిసిన పంటనే తీసుకుని, గెలకు సంచులు తొడిగి, మచ్చ పడకుండా కోసి, కడిగి, పెట్టెల్లో సర్ది గల్ఫ్ దేశాలకు పంపారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు శీతల కంటైనర్లతో అరటి రైలే కదిలింది.

మీ పంట ఏదైనా, మీ పని ఏదైనా, మొదటి సరుకు పంపేముందు ఒక పరీక్ష చేయమంటాను. అనుభవమున్న ప్యాక్‌హౌస్‌లు ప్రతి లాటు నుంచి కొన్ని డబ్బాలు పంపకుండా తమ దగ్గరే ఉంచుకుంటాయి. మీరూ అలాగే అమ్మడానికి సిద్ధమైన వాటిలోంచి కొన్ని పక్కన పెట్టండి. ఏరి మంచివే పెట్టకండి, చేతికి వచ్చినవే పెట్టండి. సరుకు కొనేవాడికి చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో, అతని దుకాణంలో ఇంకెన్ని రోజులు ఉంటుందో కలిపి, అన్ని రోజులూ దారిలో ఉండే వేడిలోనో చలిలోనో ఉంచండి. రెండు రోజులకోసారి తెరిచి చూసి, ఎన్ని చెడ్డాయో, చెడటం ఎక్కడ మొదలైందో, కాడ దగ్గరా, తోలు మీదా, తొడుగు కొసనా అన్నది తేదీతో రాయండి. గడువు ముగిసేసరికి నూటికి ఎన్ని మిగిలాయో ఆ అంకెనే కొనేవాడికి చెప్పండి. అంతకంటే ఎక్కువ చెప్పకండి. ఆ అంకె మీకు నచ్చకపోతే, చెడటం మొదలైన చోటికి, అంటే కోతకో ఆరబెట్టే చోటికో వెనక్కి వెళ్ళి, అక్కడ ఒక్క మార్పు చేసి మళ్ళీ కొన్ని డబ్బాలు పక్కన పెట్టండి.